కొత్త ఎస్‌ఎంపీఎస్, పాత సాటా కేబుల్: ఆన్ కాని ఒక ఇంటి డెస్క్‌టాప్ కేసు

ముందు మెషిన్ వివరాలు. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. విండోస్ ఉన్నది 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలో, ఇంటి ఫొటోలూ ఆఫీసు ఫైళ్ళూ 2 టీబీ హార్డ్ డిస్క్‌లో. గోడ కరెంటుని మెషిన్ భాగాలకి కావలసిన వోల్టులుగా మార్చి ఇచ్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్. పాత 550 వాట్ల సెమీ మాడ్యులర్ (కొన్ని కేబుళ్ళు మాత్రమే ఊడదీయగల) ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ బిగుసుకుపోయి, వేడెక్కినప్పుడల్లా మెషిన్ ఆగిపోతుంటే, ఇంట్లోవాళ్ళే దాన్ని తీసేసి 650 వాట్ల ఫుల్లీ మాడ్యులర్ (అన్ని కేబుళ్ళూ ఊడివచ్చే) ఎస్‌ఎంపీఎస్ బిగించారు. కొత్తది వేరే కంపెనీది.

బిగించాక పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు అర చుట్టు తిరిగి ఆగిపోయాయి. రెండోసారి నొక్కితే ఆ అర చుట్టు కూడా లేదు. వెనకున్న స్విచ్ ఆపి, కాసేపాగి మళ్ళీ వేసి నొక్కితే మళ్ళీ అదే అర చుట్టు. షాపువాళ్ళు ఎస్‌ఎంపీఎస్ పాడై వచ్చిందేమోనని అదే మోడల్ ఇంకోటి ఇచ్చారు. దానితోనూ తేడా లేదు. అప్పుడిక ఫోన్‌లోనే తీర్పు వచ్చేసింది: మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేసుకోండి అని. మెషిన్ మా రిపేరు బెంచి మీదికి వచ్చింది ఈ దశలో.

లక్షణం చూడగానే అర్థమయ్యేది

ఎస్‌ఎంపీఎస్ మార్చాక వచ్చే ఇబ్బందులు చూడటానికి ఒకేలా ఉన్నా, కారణాలు వేరు. బటన్ నొక్కితే ఏ చలనమూ లేకపోతే వెనక స్విచ్, పవర్ కార్డు, ఫ్రంట్ ప్యానెల్ వైర్లు, సగం దిగిన 24 పిన్ కనెక్టర్ చూడాలి. ఫ్యాన్లన్నీ హాయిగా తిరుగుతూ స్క్రీన్ మీద బొమ్మ రాకపోతే ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్ కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళే కేబుల్, పని చేసేటప్పుడు చేయి తగిలి కదిలిన ర్యామ్, మానిటర్ కేబుల్‌ని పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకి గుచ్చడం, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. రైజెన్ 5 3600లో అంతర్గత గ్రాఫిక్స్ లేవు. కాబట్టి మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టుకి కేబుల్ పెడితే మెషిన్ ఎంత బాగున్నా బొమ్మ రాదు. ఆన్ అవుతూ ఆగుతూ తనంతట తానే మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతుంటే మదర్‌బోర్డు ర్యామ్ సెట్టింగులతో తంటాలు పడుతున్నట్టు.

అర చుట్టు తిరిగి, ఆగి, మెయిన్స్ (గోడ నుంచి వచ్చే కరెంటు) తీసి వేసేదాకా మొండికేయడం మాత్రం వేరే సంగతి. ఇది ఎస్‌ఎంపీఎస్ ప్రొటెక్షన్. ఏదో ఒక లైన్లో అది భరించలేనంత కరెంటు పోతోంది, అది గమనించి తనను తాను కట్టేసుకుంది. అంటే ఎస్‌ఎంపీఎస్ చెడలేదు, తన పని తాను చేస్తోంది. మార్చి ఇచ్చిన రెండో యూనిట్ కూడా అలాగే చేసిందంటే అనుమానం దాని మీద నుంచి తీసేసి, అది కరెంటు ఇస్తున్న వస్తువుల మీదికి తిప్పాలి. ఆ వస్తువుల్లో మదర్‌బోర్డు ఒకటి మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు, డ్రైవులు, క్యాబినెట్ ఫ్యాన్లు, లైట్ల కంట్రోలర్, కేబుళ్ళు అన్నీ ఆ జాబితాలోవే.

ఇలాంటి కేసులో కొత్తగా ఏం పెట్టారన్నది అందరూ చెబుతారు. పాతది ఏం వదిలేశారో అడిగి రాబట్టాలి. ఇక్కడ జవాబు వెంటనే దొరికింది. 24 పిన్, 8 పిన్, గ్రాఫిక్స్ కార్డు కేబుల్, ఈ మూడూ కొత్త డబ్బాలోవే వేశారు. డ్రైవులకి కరెంటు ఇచ్చే సాటా కేబుల్ ఒక్కటి పాతదే ఉంచారు. మదర్‌బోర్డు ట్రే వెనక జిప్ టైలతో చక్కగా కట్టి ఉంది, రెండు డ్రైవులకీ సరిగ్గా అందుతోంది, రెండో కొస కొత్త ఎస్‌ఎంపీఎస్‌లోని 6 పిన్ల సాకెట్‌లో టక్కున కూర్చుంది. క్లిప్ కూడా పడింది. సైడ్ ప్యానెల్ తీసి చూస్తే ఆ ఒక్క కేబుల్ అల్లిక తొడుగుతో ఉంది, మిగతావన్నీ నల్లటి చదును రిబ్బన్లు. అనుమానించడానికి ఆ తేడా చాలు.

పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు

డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం కేబుల్‌లో మదర్‌బోర్డు వైపు కొసనీ, డ్రైవు వైపు కొసనీ కచ్చితంగా నిర్ణయించింది. సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్లు ఏ కంపెనీ కేబుల్‌లోనైనా ఒకే క్రమంలో ఉంటాయి: 1 నుంచి 3 వరకు 3.3 వోల్టులు, 7 నుంచి 9 వరకు 5 వోల్టులు, 13 నుంచి 15 వరకు 12 వోల్టులు, మధ్యలో గ్రౌండ్లు. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లో యూనిట్ వైపు కొస ఎలా ఉండాలో మాత్రం ఏ ప్రమాణమూ చెప్పలేదు. ఒక కంపెనీ పై వరసలో మొదటి గుంతకి 12 వోల్టులు ఇస్తుంది, ఇంకో కంపెనీ అక్కడే 5 వోల్టులు ఇస్తుంది. ఒకే కంపెనీ రెండు సిరీస్‌ల మధ్య కూడా పొంతన ఉండకపోవచ్చు, ఎందుకంటే లోపలి బోర్డులు తయారుచేసేవాళ్ళు వేరు వేరు. ప్లాస్టిక్ కనెక్టర్ మాత్రం బజారులో దొరికే అదే 6 పిన్ల రకం కాబట్టి అన్నిటిలోనూ పడుతుంది. తాళంచెవి దూరింది గానీ ఇల్లు వేరు.

పైగా ఇప్పటి కేబుళ్ళలో రంగులు లేవు. పాత రోజుల్లో పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండ్ అని కంటితోనే తెలిసేది. అందం కోసం అన్నీ నలుపు చేసేశారు. ఇక మల్టీమీటరే దిక్కు.

బెంచి మీద వరస

పవర్ కార్డు పీకి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే బయటి లైన్లలో మిగిలిన చార్జ్ దిగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్ మీద 380 వోల్టుల దరిదాపుల్లో డీసీ ఉంటుంది, కార్డు పీకాక కూడా కొంతసేపు నిలుస్తుంది.

మొదటి పని ఎస్‌ఎంపీఎస్‌ని ఒంటరిగా చూడటం. అన్ని కేబుళ్ళూ విప్పేసి, దానితో వచ్చిన 24 పిన్ కేబుల్ ఒక్కటే పెట్టాలి. లోడుగా ఒక క్యాబినెట్ ఫ్యాన్ ఉంటే చాలు. ఆన్ చేయడానికి 16వ పిన్‌ని గ్రౌండ్‌కి కలపాలి. రంగులున్న కేబుల్‌లో అది ఆకుపచ్చ వైరు. అన్నీ నల్లగా ఉన్న కేబుల్‌లో లెక్క పెట్టడంలో కుడి ఎడమలు తారుమారు కావడం మామూలే, అందుకే మీటరుతో పట్టుకోవడం మేలు. ఎస్‌ఎంపీఎస్‌కి మెయిన్స్ ఇచ్చి, జంపర్ (రెండు పిన్లని కలిపే వైరు) పెట్టకుండా, నల్ల ప్రోబ్‌ని ఎస్‌ఎంపీఎస్ లోహపు డబ్బాకి ఆనించి ఒక్కో గుంతనీ చూస్తే 24లో రెండింటి మీదే వోల్టేజ్ కనబడుతుంది. క్లిప్ లేని వరసలో ఉన్నది 9వ పిన్, అది మెషిన్ ఆపి ఉన్నా వచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై. క్లిప్ ఉన్న వరసలో ఉన్నదే మనకు కావలసిన 16. సరిచూసుకోవడానికి ఇంకో గుర్తు ఉంది: అదే వరసలో 20వ స్థానం కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో ఖాళీగా ఉంటుంది. ఖాళీ గుంత ఒక కొస నుంచి అయిదోదైతే, రెండో కొస నుంచి నాలుగోది 16. దాని రెండు పక్కలా ఉన్న 15, 17 రెండూ గ్రౌండ్లే. మెయిన్స్ ఆపి, యూ ఆకారంలో వంచిన పేపర్ క్లిప్‌తో 16నీ 17నీ కలిపి, అప్పుడు మెయిన్స్ వేయాలి.

ఫ్యాన్ తిరిగింది, ఆగలేదు. ఎస్‌ఎంపీఎస్ తన సొంత ఫ్యాన్ మాత్రం తిరగలేదు. తక్కువ లోడులో ఫ్యాన్ ఆపేసే మోడళ్ళలో అది లోపం కాదు. ఈ ఒక్క కారణంతో మంచి యూనిట్లు వెనక్కి పంపేవాళ్ళున్నారు. కొలతలు: 12 లైన్ 12.08, 5 లైన్ 5.03, 3.3 లైన్ 3.33, స్టాండ్‌బై 5.05, 8వ పిన్ మీద పవర్ గుడ్ సిగ్నల్ (లైన్లన్నీ సరిగ్గా ఉన్నాయని మదర్‌బోర్డుకి చెప్పేది) 5కి దగ్గరగా. మూడు ప్రధాన లైన్లకీ, స్టాండ్‌బైకీ అనుమతించిన తేడా అయిదు శాతం: 12కి 11.40 నుంచి 12.60, 5కి 4.75 నుంచి 5.25, 3.3కి 3.14 నుంచి 3.46. అన్నీ లోపలే ఉన్నాయి. చిన్న ఫ్యాన్ లోడు మీద వచ్చిన ఈ అంకెలతో ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా ఆరోగ్యంగా ఉందని అనలేం గానీ, అర చుట్టు తిరిగి ఆగే జబ్బు దానిది కాదని తేలిపోయింది.

తర్వాత మదర్‌బోర్డుకి 24 పిన్, ప్రాసెసర్ 8 పిన్ మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు తీసేసి, ఒక్క ర్యామ్ స్టిక్ ఉంచి, డ్రైవులు లేకుండా. ఇక్కడ 8 పిన్ గురించి ఒక హెచ్చరిక. ప్రాసెసర్‌కి వెళ్ళే 4+4, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళే 6+2 చూడటానికి కవలల్లా ఉంటాయి. ప్రాసెసర్ కనెక్టర్‌లో క్లిప్ వైపు వరస 12 వోల్టులు, గ్రాఫిక్స్ కార్డు కనెక్టర్‌లో క్లిప్ వైపు గ్రౌండ్. గుంతల ఆకారం వేరుగా చేసింది అందుకే. బలవంతంగా నొక్కాల్సి వచ్చిందంటే అది తప్పు కేబుల్. ఈ కేసులో సరైనదే సరిగ్గానే పెట్టి ఉంది.

ఆన్ చేస్తే మెషిన్ ఆగలేదు. మదర్‌బోర్డు మీది చిన్న లైట్లలో ప్రాసెసర్‌ది వెలిగి ఆరింది, ర్యామ్‌ది వెలిగి ఆరింది, గ్రాఫిక్స్ లైటు వెలిగి నిలిచింది. కార్డు తీసేశాం కాబట్టి అది నిలవాల్సిందే. ఫోన్‌లో పోయిందన్న మదర్‌బోర్డు ర్యామ్ దాటి వచ్చేసిందన్నమాట. కార్డు గుచ్చి, కొత్త 8 పిన్ కేబుల్ పెట్టి, రెండో ర్యామ్ స్టిక్ వేస్తే బయోస్ స్క్రీన్ వచ్చింది. ఇక మిగిలింది డ్రైవుల వైపే.

తర్వాతి అడుగులోనే చాలామంది మోసపోతారు. అనుమానం ఉన్న పాత సాటా కేబుల్‌ని డ్రైవులు లేకుండా ఎస్‌ఎంపీఎస్‌కి గుచ్చి ఆన్ చేసి చూస్తారు. మెషిన్ ఆగదు. కేబుల్ బాగుందని తీర్మానించి, ఇంట్లో ఉన్న ఇంకో మంచి హార్డ్ డిస్క్ తెచ్చి తగిలిస్తారు. అదీ పోతుంది. కేబుల్‌లో 5, 12 తారుమారై గ్రౌండ్లు మాత్రం సరైన చోటే ఉంటే, లోడు లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్‌కి ఏ తేడా తెలియదు. దాని ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్ కొలిచేది తన బోర్డు మీది 5 లైన్‌నీ 12 లైన్‌నీ. అక్కడ రెండూ సక్రమంగానే ఉన్నాయి. కేబుల్ అవతలి కొసలో ఏ వైరు ఏ పిన్‌కి పోయిందో దానికి తెలిసే దారి లేదు. గ్రౌండ్ కూడా తారుమారైతేనే ఖాళీ కేబుల్‌తో ట్రిప్ అవుతుంది.

కేబుల్ కొలత

రెండు రకాలుగా చేశాం. మొదటిది మెయిన్స్ లేకుండా: కేబుల్‌ని రెండు వైపులా విప్పి, మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, కాగితం మీద ఆరు గడులు గీసి, ఎస్‌ఎంపీఎస్ వైపు ఒక్కో గుంత సాటా కొసలో ఏ పిన్‌తో బీప్ ఇస్తోందో రాసుకోవడం. సాటా పిన్లు సన్నం కాబట్టి ప్రోబ్‌కి గుండుసూది జత చేసుకోవాలి. అదే కేబుల్ మీద పాతకాలపు నాలుగు పిన్ల మోలెక్స్ కొస కూడా ఉంటే పని సులువు: ఒక చివర 12, రెండో చివర 5, మధ్యలో రెండూ గ్రౌండ్. ఇదే పని కొత్త డబ్బాలో వచ్చిన సాటా కేబుల్‌కీ చేసి రెండు పటాలూ పక్కపక్కన పెట్టాం. గ్రౌండ్లు కలిశాయి, 3.3 కలిసింది. 5, 12 స్థానాలు ఒకదాని చోట ఒకటి.

రెండోది మెయిన్స్‌తో: డ్రైవులేమీ లేకుండా పాత కేబుల్‌ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌కి పెట్టి, జంపర్‌తో ఆన్ చేసి సాటా కొసలో కొలవడం. 5 వోల్టులు రావలసిన 7, 8, 9 పిన్ల మీద 12.1. పన్నెండు రావలసిన 13, 14, 15 మీద 5.0. సూది పక్క పిన్‌కి తగిలితే అక్కడికక్కడే షార్ట్ అవుతుంది, అందుకే చేయి వణికేవాళ్ళు మొదటి పద్ధతితో సరిపెట్టుకోవచ్చు. పటం ఒక్కటే చాలు.

మొదటిసారి బటన్ నొక్కినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు చెప్పవచ్చు. రెండు డ్రైవుల 5 వోల్టుల లైన్ మీదికి 12 వోల్టులు వచ్చాయి. హార్డ్ డిస్క్ బోర్డు మీద పవర్ కనెక్టర్‌కి ఆనుకుని రెండు టీవీఎస్ డయోడ్లు ఉంటాయి, 5 లైన్‌కి ఒకటి, 12 లైన్‌కి ఒకటి. ఇవి వోల్టేజ్ హద్దు దాటితే తమ గుండా కరెంటు లాగి మిగతా బోర్డుని కాపాడతాయి. 5 లైన్‌కి వేసే రకం ఏడు వోల్టుల లోపే అలా కరెంటు లాగడం మొదలుపెడుతుంది. క్షణకాలపు తాకిడికైతే తట్టుకుంటుంది, ఆగకుండా వచ్చే 12కి తట్టుకోలేదు. వేడెక్కి లోపల షార్ట్ అయిపోతుంది. అప్పుడు 12 లైన్ నేరుగా గ్రౌండ్‌కి కలిసినట్టే, ఎస్‌ఎంపీఎస్ ట్రిప్. ఆ తర్వాత బటన్ నొక్కిన ప్రతిసారీ, షాపువాళ్ళు ఇచ్చిన రెండో ఎస్‌ఎంపీఎస్‌తో సహా, అదే షార్ట్ మీద అదే ట్రిప్.

డ్రైవుల పరిస్థితి

డ్రైవుని విడిగా పెట్టి, ఏ కేబులూ లేకుండా, దాని సాటా పవర్ పిన్ల మధ్య రెసిస్టెన్స్ చూడాలి. హార్డ్ డిస్క్‌లో 12 నుంచి గ్రౌండ్‌కి కిలో ఓమ్‌లలో వచ్చింది, బాగుంది. ఆ వైపు వచ్చింది 5 వోల్టులే కాబట్టి దెబ్బ తినే అవకాశం లేదు. 5 నుంచి గ్రౌండ్‌కి 0.4 ఓమ్. ప్రోబ్‌లు ఒకదానికొకటి ఆనిస్తేనే 0.2 చూపించే మీటరది, అంటే పూర్తి షార్ట్.

ఎస్‌ఎస్‌డీలో 5 నుంచి గ్రౌండ్‌కి 0.9 ఓమ్. సాటా ఎస్‌ఎస్‌డీలు సాధారణంగా 5 లైన్‌తోనే బతుకుతాయి. లోపలి పవర్ చిప్ ఆరేడు వోల్టులకి మించి భరించేది కాదు. ఈ డ్రైవులో దానికి ముందు రక్షణగా ఏ డయోడూ లేదు. మూత విప్పితే పవర్ చిప్ మీద చిన్న బుడిపె, కాలిన వాసన. ఇలాంటి డ్రైవు నుంచి మెమరీ చిప్‌లు పీకి డేటా తీయగలమని చెప్పేవాళ్ళని నమ్మకూడదు. ఇప్పటి కంట్రోలర్లు ఎక్కువగా డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తాయి, అదే కంట్రోలర్ బతికితేనే చదవగలం. దారి ఒక్కటే, అదే బోర్డు మీద పవర్ భాగాన్ని బాగుచేసి కంట్రోలర్‌ని లేపడం. అది డేటా రికవరీ ల్యాబ్ పని. ఈ కేసులో ఎస్‌ఎస్‌డీలో విండోస్, డెస్క్‌టాప్ మీద పడేసిన కొన్ని ఫైళ్ళు తప్ప ఏమీ లేవు. యజమాని దాన్ని వదిలేసుకున్నారు. అదే విండోస్ మదర్‌బోర్డు మీది ఎమ్.2 స్లాట్‌లో ఉండి ఉంటే ఈ కేబుల్ దాని జోలికి వచ్చేదే కాదు, దానికి కరెంటు వచ్చేది మదర్‌బోర్డు నుంచి.

హార్డ్ డిస్క్‌ని లేపడం

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగాలి: ఇందులో ఉన్నదానికి ఇంకో కాపీ ఉందా? లేదు, పోతే ప్రాణం పోయినట్టే అంటే చేయి పెట్టకుండా ల్యాబ్‌కి పంపడమే. వారంటీ కావాలనుకున్నా చేయి పెట్టకూడదు. ఇక్కడ ఫొటోల్లో చాలా భాగం ఫోన్‌లో, క్లౌడ్‌లో ఉన్నాయి. ఒప్పుకుని ముందుకు వెళ్ళాం.

డ్రైవు కింద ఉన్న ఆకుపచ్చ బోర్డుని టీ6 నక్షత్రపు స్క్రూలు పట్టి ఉంచుతాయి. పైనున్న లోహపు మూత జోలికి పోకూడదు, అది తెరిస్తే దుమ్ము పడి డిస్క్ నాశనం. బోర్డు తీసి తిప్పితే పవర్ కనెక్టర్ దగ్గర రెండు నల్ల డయోడ్లు కనబడతాయి. మీటరును డయోడ్ మోడ్‌లో పెడితే మంచి టీవీఎస్ ఒక దిక్కున 0.4 నుంచి 0.6 మధ్య చూపించి, రెండో దిక్కున తెరిచి ఉన్నట్టు చూపిస్తుంది. పోయినది రెండు దిక్కులా బీప్ ఇస్తుంది. 5 లైన్ డయోడ్ రెండు వైపులా బీప్ ఇచ్చింది. దాని దగ్గర్లోనే ఫ్యూజ్‌లా పనిచేసే సున్నా ఓమ్ రెసిస్టర్ ఉంటే అది తెగిందేమో కూడా చూడాలి, ఇందులో తెగలేదు.

హాట్ ఎయిర్ 350 డిగ్రీల దగ్గర పెట్టి, పక్కన ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్‌కి వేడి తగలకుండా అల్యూమినియం టేపు అంటించి డయోడ్‌ని లేపాం. హాట్ ఎయిర్ లేకపోతే రెండు సోల్డరింగ్ ఐరన్‌లతో రెండు వైపులా ఒకేసారి వేడి చేసి తీయవచ్చు. తీశాక మళ్ళీ 5 నుంచి గ్రౌండ్ కొలత. ఈ కొలతలోనే డ్రైవు భవిష్యత్తు తేలుతుంది. ఇంకా షార్ట్ చూపిస్తే మోటారు నడిపే చిప్ కూడా పోయినట్టు, అప్పుడు కరెంటు ఇవ్వకూడదు. అదే మోడల్ బోర్డు ఇంకోటి తెచ్చి బిగిస్తే సరిపోతుందని అనుకోవద్దు. బోర్డు మీది ఎనిమిది కాళ్ళ చిన్న రోమ్ చిప్‌లో ఆ డ్రైవుకే చెందిన సవరణ లెక్కలుంటాయి, దాన్ని పాత బోర్డు నుంచి కొత్తదానికి మార్చాలి. ఇక్కడ అంత అవసరం పడలేదు, కొలత రెండు కిలో ఓమ్‌లు దాటింది.

మొదటిసారి కరెంటు ఎస్‌ఎంపీఎస్ నుంచి ఇవ్వలేదు. అది 12 లైన్ మీద 50 ఆంపియర్లకి పైగా ఇవ్వగలదు, తేడా వస్తే బోర్డు మీద రాగి గీతలు కూడా కాలిపోతాయి. బెంచి సప్లైలో 5 వోల్టులకి 1 ఆంపియర్, 12 వోల్టులకి 2 ఆంపియర్లు హద్దు పెట్టి ఇచ్చాం. ప్లాటర్ (డిస్క్ లోపలి పళ్ళెం) తిరిగి వేగం అందుకునేటప్పుడు 12 లైన్ దాదాపు 2 ఆంపియర్లదాకా లాగుతుంది, అంతకు తక్కువ పెడితే బాగున్న డిస్క్ కూడా తిరగలేదు. తిరిగింది, టక్ టక్ శబ్దం లేదు, హెడ్లు కుదురుకున్నాయి. అప్పుడు కొత్త డబ్బాలోని సాటా కేబుల్‌తో మెషిన్‌కి పెట్టి, మరేమీ చేయకముందే మొత్తం డేటాని ఇంకో డిస్క్‌కి కాపీ చేశాం. టీవీఎస్ లేని డిస్క్ పని చేస్తుంది గానీ, ఇంకో తాకిడి వస్తే అడ్డం నిలబడేది ఏదీ లేదు. ఎస్‌ఎమ్‌ఏజే5.0ఏ రకం డయోడ్ అదే చోట, గీత ఉన్న కొస 5 వోల్టుల వైపుకి వచ్చేలా వేయవచ్చు. వేశాం కూడా. అయినా దాన్ని ముఖ్యమైన ఫైళ్ళకి వాడొద్దని చెప్పి, రెండో కాపీ ఉంచుకునే డిస్క్‌గా మాత్రమే తిరిగి ఇచ్చాం.

మళ్ళీ బిగించేటప్పుడు

పాత కేబుల్‌ని ట్రే వెనక నుంచి జిప్ టైలు కోసి పూర్తిగా బయటికి లాగేశాం, పాత ఎస్‌ఎంపీఎస్‌కే కట్టేశాం. ఫ్యాన్ మార్చి ఆ ఎస్‌ఎంపీఎస్‌ని ఎవరైనా వాడుకుంటే ఆ కేబుల్ దానికే పనికొస్తుంది, ఇంకెక్కడా కాదు. కొత్తదాని కేబుళ్ళలో వాడనివాటిని అదే డబ్బాలో పెట్టి మోడల్ పేరు రాసిన స్టిక్కర్ అంటించాం.

కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి విండోస్ వేస్తే, మదర్‌బోర్డు మారలేదు కాబట్టి డిజిటల్ లైసెన్స్ దానంతట అదే యాక్టివేట్ అయింది. ట్రబుల్‌షూటింగ్‌లో భాగంగా ఇంటి దగ్గరే ఎవరో బయోస్ రీసెట్ చేసి ఉన్నారు, దాంతో 3200 వేగం ఉన్న ర్యామ్ 2400 దగ్గర నడుస్తోంది. ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎమ్‌పీ ప్రొఫైల్ మళ్ళీ ఆన్ చేశాం. ఇలాంటి రీసెట్ తర్వాత బూట్ మోడ్ కూడా మారిపోయి, బాగున్న విండోస్ డ్రైవు కూడా కనబడకపోవడం ఉంది. అప్పుడు డ్రైవుని అనుమానించే ముందు బయోస్‌లో యూఈఎఫ్‌ఐ, లెగసీ (బూట్ అయ్యే కొత్త, పాత పద్ధతులు) సెట్టింగు చూడాలి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ 2.6 వోల్టులు చూపించింది, మార్చేశాం.

లోడు పరీక్షలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ పూర్తిగా పనిచేస్తుండగా కార్డు కనెక్టర్ వెనక నుంచి ప్రోబ్ దూర్చి కొలిస్తే 12 లైన్ 11.96. దిగినది పదోవంతు వోల్టు మాత్రమే, అదీ కేబుల్‌లో పోయేదే ఎక్కువ.

ఇంటికి వెళ్ళాక ఒక ఫిర్యాదు వచ్చింది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో మెషిన్ రీస్టార్ట్ అవుతోంది, పాత ఎస్‌ఎంపీఎస్‌తో ఇలా లేదు, మళ్ళీ కొత్తదే తేడా అని. ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్ మెయిన్స్ లేకుండా మెషిన్‌ని నడిపించగలిగేది లోడుని బట్టి పదహారు పదిహేడు మిల్లీసెకన్లు మాత్రమే. ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ అని ఉంటుంది, అందులో మారడానికి పది మిల్లీసెకన్లకి అటూ ఇటూ పడుతుంది. రెండో మోడ్‌ని ఒక్కో కంపెనీ ఎకో అనో నార్మల్ అనో పిలుస్తుంది, ఫ్యాన్లకీ లైట్లకీ సరిపోయేంత తాపీగా మారుతుంది. వోల్టేజ్ నిలకడగా లేనప్పుడు బ్యాటరీ ఊరికే వాడకుండా ఉంటుందని ఇంట్లో ఎవరో ఈమధ్యే ఎకోలోకి తిప్పారట. ఎస్‌ఎంపీఎస్ మార్చడం, స్విచ్ తిప్పడం ఒకే వారంలో జరిగాయి. ఇన్వర్టర్ వెనక స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లోకి తిప్పి, మెయిన్ ఎమ్‌సీబీ దించి ఎక్కించి చూడమన్నాం. రీస్టార్ట్ ఆగింది.

అదే ఫోన్ కాల్‌లో క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందని కూడా చెప్పారు. ఎస్‌ఎంపీఎస్ ఇన్‌పుట్ ఫిల్టర్‌లోని కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ లోహపు డబ్బాకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది, లేకపోతే డబ్బా మీద మెయిన్స్‌లో దాదాపు సగం, 110 వోల్టుల చిల్లర, మీటరులో కనబడుతుంది. ఇది కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చినది కాదు, పాతదానితోనూ ఉండేదే. సాకెట్‌లో ఫేజ్ నుంచి న్యూట్రల్‌కి 231, ఫేజ్ నుంచి ఎర్త్‌కి 94 వచ్చింది, అంటే ఎర్త్ వైరు ఎక్కడో తెగి ఉంది. గోడ వెనక జంక్షన్ బాక్సులో ఊడిన వైరుని ఎలక్ట్రీషియన్ కలిపాక ఫేజ్ నుంచి ఎర్త్‌కి 230, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ఒక వోల్టు లోపు.